ఏ ఆసుపత్రిలో ఎంతమంది బతికారో లెక్క చెప్పండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, చనిపోయినవాళ్ళ అవయవాలను రోగులకు అందించే జీవన్‌దాన్ పథకాన్ని నడుపుతున్నవాళ్ళకు, కిడ్నీ మార్పిడికి అనుమతి ఉన్న ఆసుపత్రుల పెద్దలకు నమస్కారం.

నేను తిరుపతిలో ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. సొంతూరు పూతలపట్టు దగ్గర ఒక పల్లె. మా తమ్ముడు మూడేళ్ళ రెండు నెలలు డయాలసిస్ మీద ఉండి, పోయిన ఏడు సంక్రాంతి దాటిన పదో రోజున చనిపోయాడు. వాడికి కిడ్నీ ఇవ్వడానికి మా అమ్మ మొదటి నుంచీ సిద్ధంగా ఉంది. బ్లడ్ గ్రూపు కలిసింది. అమ్మ కిడ్నీని వాడి ఒళ్ళు ఒప్పుకుంటుందా అని చూసే క్రాస్‌మ్యాచ్ టెస్టు కూడా బాగానే వచ్చింది. ఇచ్చే మనిషీ తీసుకునే మనిషీ ఒకే ఇంట్లో ఉన్నారు, అయినా ఆపరేషన్ కాలేదు. ఎందుకు కాలేదో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

డబ్బు లేక ఆగిపోయిందని ఊళ్ళో అందరూ అనుకుంటారు. డబ్బుకు ఇబ్బంది పడిన మాట నిజమే, ఆ ఏడు తోతాపురికి ధర లేక కాయ కోత కూలి కూడా రాలేదు, ట్రాక్టర్ అమ్మేశాం. కానీ ఆపింది డబ్బు కాదు. ఏ ఆసుపత్రికి పోవాలో మేం తేల్చుకోలేకపోయాం. పద్నాలుగు నెలలు తేల్చుకోలేకపోయాం.

జబ్బు బయటపడినప్పుడు వాడికి 34 ఏళ్ళు. బీపీ ఎప్పటినుంచి ఉందో ఎవరికీ తెలీదు. తలనొప్పి వస్తే ఒక మాత్ర మింగి పల్ప్ ఫ్యాక్టరీకి లోడ్ తోలుకుంటూ పోయేవాడు. పొద్దున లేస్తే ముఖం ఉబ్బేది, సాయంత్రానికి కాళ్ళకు నీరు పట్టేది. టెస్టు చేయిస్తే, కిడ్నీ పాడైతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 11 ఉంది. ఆ రాత్రే మెడ దగ్గర గొట్టం వేసి మిషన్ మీద పెట్టారు. అప్పటినుంచి చిత్తూరులో వారానికి మూడు రోజులు, పొద్దున షిఫ్టు, నాలుగు గంటలు. మామిడి తోటలో పుట్టి పెరిగినవాడు పొటాషియం అని మూడు వేసవులు మామిడిపండు ముట్టలేదు. రోజుకు ఇన్ని నీళ్ళని గ్లాసుతో కొలుచుకుని తాగేవాడు, ఎండాకాలం ఐస్ ముక్క నోట్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకంలోనే జరిగిపోయింది, నెలకు 10,000 పింఛను వచ్చేది. ఆ రెండూ లేకపోతే వాడు మాకు ఆ మూడేళ్ళు కూడా దక్కేవాడు కాదు. అందుకు మీకు మనస్ఫూర్తిగా దండం పెడుతున్నాను, ఆ మాట ముందే చెప్పాలి.

అయితే మొదటి నాలుగు నెలల్లో ట్రాన్స్‌ప్లాంట్ అన్న మాట మాకు ఎవరూ చెప్పలేదు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపే ఫిస్టులా గురించి చెప్పారు, ఉప్పు గురించి చెప్పారు, రక్తం పెరగడానికి వేసే ఎపో సూది గురించి చెప్పారు. కిడ్నీ మార్చుకోవచ్చని మొదట చెప్పింది పక్క మిషన్ మీద పడుకునే ఒక పెద్దాయన. "అమ్మ ఇస్తానంటే ఆలోచన పెట్టుకోవద్దు నాయనా, ఈ మిషన్ మీద ఉన్నన్నాళ్ళూ మనం కరిగిపోతానే ఉంటాం" అన్నాడట. తమ్ముడు ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా నాకు ఫోన్ చేశాడు.

మా జిల్లావాళ్ళకు దారులు ఎక్కువ. తిరుపతి ఉంది. చిత్తూరు నుంచి గంటలో వేలూరు ఉంది, మా పెద్దవాళ్ళు ఇప్పటికీ రాయవేలూరు అనే అంటారు, దేశంలో మొట్టమొదట కిడ్నీ మార్పిడి విజయవంతమైంది అక్కడి సీఎంసీలోనే, 1971లో. మద్రాసుకైనా బెంగళూరుకైనా పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగి రావచ్చు. ఇన్ని ఉన్నందుకే మాకు ఒక్కటీ తేలలేదు. మా మేనమామ ఇక్కడ వద్దే వద్దన్నాడు, ఆయనకు తెలిసినాయన ఒకరు ఇక్కడే చేయించుకుని నెలలోపు పోయాడట. మా ఆయన స్నేహితుడు మద్రాసు వద్దన్నాడు, అక్కడ చేయించుకున్న వాళ్ళ బంధువుకు కిడ్నీ పట్టలేదట. ఇంకొకరు హైదరాబాద్ అన్నారు. ప్రతి ఒక్కరికీ ఒక చావు కథ తెలుసు, ఒక బతుకు కథ తెలుసు. వాటిని పట్టుకుని ఏ నిర్ణయమూ చేయలేమని లెక్కలు చెప్పే మనిషిని కాబట్టి నాకు తెలుసు. అందుకే నేరుగా పోయి అడిగాను.

మూడు ఆసుపత్రుల్లో అడిగాను. వాటి పేర్లు ఇక్కడ రాయను, నాకు వాళ్ళ మీద కక్ష లేదు. మూడు చోట్లా ఒకే ప్రశ్న. పోయిన మూడేళ్ళలో మీరు ఎన్ని కిడ్నీలు మార్చారు, ఏడాది తర్వాత వాళ్ళలో ఎంతమంది బతికి ఉన్నారు, ఎంతమందికి పెట్టిన కిడ్నీ పనిచేస్తోంది? మొదటి చోట డాక్టరు గారు మంచి మనిషి, "మా దగ్గర రిజల్ట్స్ బాగుంటాయమ్మా, భయపడకండి" అన్నారు. అంకె చెప్పలేదు. రెండో చోట కోఆర్డినేటర్ ఒక రంగుల కరపత్రం ఇచ్చింది, అందులో ఇన్ని వందల మార్పిడులు చేశామని ఉంది, చేసినవాళ్ళలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో లేదు. మూడో చోట "అంత అనుమానం ఉంటే వేరే చోటికి పోండమ్మా" అన్నారు. అనుమానం కాదు సార్, అది మా అమ్మ కిడ్నీ. ఒకసారి తీసి పెట్టాక మళ్ళీ ఇంకొకటి ఇవ్వడానికి ఆమెకు ఉండదు. ఎక్కడ పెడితే నిలబడుతుందో అడగడం తప్పా?

ఒక్కో ఆసుపత్రికి మారినప్పుడల్లా టెస్టులు మళ్ళీ మొదటినుంచి. అమ్మ మూడుసార్లు పరగడుపున బస్సెక్కింది. జీవన్‌దాన్‌లో కూడా పేరు రాయించాం, ఎటైనా పనికొస్తుందని. ఈలోపల ఫిస్టులా చెయ్యి మీద చెయ్యి పెడితే ఝుమ్మని తెలిసే చప్పుడు ఒకరోజు ఆగిపోయింది. గడ్డ కట్టిందన్నారు. మళ్ళీ మెడకు గొట్టం, ఆ గొట్టానికి ఇన్ఫెక్షన్, చలిజ్వరం, పదిహేను రోజులు వార్డులో. హిమోగ్లోబిన్ ఐదుకు దిగితే రక్తం ఎక్కించారు, రెండుసార్లు కాదు, ఐదుసార్లు. బయటి రక్తం ఎక్కించుకున్నప్పుడల్లా ఒంట్లో యాంటీబాడీలు పెరిగి తర్వాత కిడ్నీ కలవడం కష్టమవుతుందని అప్పుడు మాకు తెలీదు. చివరికి ఒక ఆసుపత్రి ఖాయం చేసుకుని, తేదీ అడగడానికి పోతే, ఎకో తీసి గుండె పంపింగ్ 30 శాతమే ఉంది, ఇప్పుడు మత్తు ఇవ్వలేం అన్నారు. నిజంగానే వాడు తట్టుకోలేడనా, లేక వాడికేమైనా అయితే ఆసుపత్రికి చెడ్డపేరు వస్తుందనా? నేను ఈ ప్రశ్న నిందగా వేయడం లేదు. జవాబు చెప్పే లెక్క ఏదీ నా చేతిలో లేదు కాబట్టి వేస్తున్నాను.

వాడు పోయాక చదవడం మొదలుపెట్టాను. ముందే చదివి ఉండాల్సింది.

1999లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఆపరేషన్‌కు పనికొస్తారని తేలి వెయిటింగ్ లిస్టులో పేరు ఎక్కినవాళ్ళు 46 వేల మందిని తీసుకున్నారు, వాళ్ళలో 23 వేల మందికి చనిపోయిన దాతల నుంచి కిడ్నీ దొరికింది, మిగతావాళ్ళు డయాలసిస్ మీదే ఉండిపోయారు. ఈ రెండు గుంపులనే పోల్చారు. ఇది ముఖ్యం, ఎందుకంటే డయాలసిస్ చేయించుకునేవాళ్ళందరితో పోలిస్తే అందులో ముసలివాళ్ళు, గుండెజబ్బు ముదిరినవాళ్ళు అందరూ ఉంటారు, పోలిక కుదరదు. ఆపరేషన్ అయిన మొదటి రెండు వారాల్లో చావు ముప్పు డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకన్నా 2.8 రెట్లు ఎక్కువ. అవును, ఎక్కువే. ఆ తర్వాత తగ్గుతూ వస్తుంది. 244వ రోజుకు, అంటే ఎనిమిది నెలలకు, రెండు గుంపుల్లోనూ బతికి ఉన్నవాళ్ళ శాతం సమానమవుతుంది. ఏడాదిన్నర దగ్గరికొచ్చేసరికి మార్పిడి జరిగినవాళ్ళ ముప్పు మూడో వంతుకు పడిపోతుంది. మొత్తం మీద లిస్టులోనే ఉండిపోయినవాళ్ళకు పదేళ్ళ ఆయుష్షు అంచనా వేస్తే మార్పిడి అయినవాళ్ళకు ఇరవై ఏళ్ళు వచ్చింది.

నేను ఈ రెండు గీతలూ గ్రాఫ్ కాగితం మీద గీసుకున్నాను. మార్పిడి గీత మొదట్లో గబుక్కున కిందికి దిగి, తర్వాత చాలా మెల్లగా పోతుంది. డయాలసిస్ గీత ఎక్కడా గబుక్కున దిగదు, ఎక్కడా ఆగదు కూడా, ఒకే వాలులో దిగుతూనే ఉంటుంది. 244 దగ్గర రెండూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ఆ కాగితం చూస్తూ కూర్చుంటే మాకు జరిగింది అర్థమైంది. ఆసుపత్రి మంచిదా కాదా అన్నది ఎక్కువగా కనపడేది మొదట్లో ఉన్న ఆ గుంటలోనే. మంచి ఆసుపత్రిలో గుంట లోతు తక్కువ, సరిగా లేని చోట ఎక్కువ. మేం ఆ గుంటకు భయపడి, రెండో గీత మీద కూర్చుని, ఏ గుంట లోతు తక్కువో వెతుక్కుంటూ పద్నాలుగు నెలలు కిందికి జారాం.

2014లో అమెరికాలోనే ఇంకో అధ్యయనం, ఇది సరిగ్గా మా ప్రశ్నే. ఫలితాలు తక్కువగా ఉన్నాయని లెక్క తేలిన ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్లలో చేయించుకున్నవాళ్ళు, లిస్టులో ఉండి డయాలసిస్ మీదే ఉన్నవాళ్ళకన్నా ఎక్కువకాలం బతికారా లేదా? బతికారు. మంచి సెంటర్లలో లాభం ఇంకా ఎక్కువే, అందులో సందేహం లేదు, కానీ తక్కువ స్థాయి సెంటర్‌కూ డయాలసిస్‌కూ మధ్య ఉన్న తేడా ముందు సెంటర్‌కూ సెంటర్‌కూ మధ్య తేడా చిన్నది. ఈ ఒక్క వాక్యం మాకు ఎవరైనా మొదటి ఏడాదిలో చెప్పి ఉంటే మేం దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో చేరిపోయేవాళ్ళం.

కానీ ఇక్కడ నేను నిజాయితీగా ఉండాలి. అది అమెరికా లెక్క. అక్కడ తక్కువ స్థాయి అనిపించుకున్న సెంటర్‌కు కూడా ఒక కనీస స్థాయి ఉంటుంది, ఆ కిందికి పోతే ఎవరో ఒకరు అడుగుతారు. మన దగ్గర ఆ కనీసం ఎక్కడుందో నేను చూపించలేను. చిత్తూరులో తమ్ముడి షిఫ్టులోనే ఇద్దరికి మార్పిడి జరిగింది. ఒకాయన ఐరాల వైపు మనిషి, పెద్ద పేరు లేని ఆసుపత్రిలో భార్య కిడ్నీ పెట్టించుకున్నాడు, ఇప్పుడు టిఫిన్ బండి నడుపుతున్నాడు, ఈ మధ్య కాణిపాకంలో కనబడి నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఇంకొక అబ్బాయికి 29 ఏళ్ళు. వాళ్ళ అక్క ఇచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది, తొమ్మిదో రోజు ఇంటికి పంపించారు. నెల దాటాక జ్వరం. చేసినచోటికి పోవాలంటే అయిదారు గంటల దారి, ఊళ్ళో డాక్టరు ఒక యాంటీబయాటిక్ రాశాడు, పెట్టిన కిడ్నీని ఒళ్ళు తోసేయకుండా రోజూ వేసుకునే టాక్రోలిమస్ మందుతో అది పడదని ఆయన చూసుకోలేదు. టాక్రోలిమస్ లెవెల్ టెస్టుకు రక్తం ఇస్తే ఆ శాంపిల్ ఎక్కడికో పోయి రిపోర్టు ఐదో రోజు వచ్చింది. అప్పటికి ఆ అబ్బాయి వెంటిలేటర్ మీద ఉన్నాడు. వాళ్ళ అక్క ఇప్పుడు ఒక కిడ్నీతో, తమ్ముడు లేకుండా ఉంది.

ఆ అబ్బాయి పోయింది సర్జన్ చేతిలో కాదు. ఆసుపత్రి నాణ్యత అంటే మనం సర్జన్ పేరు చూస్తాం, బిల్డింగ్ చూస్తాం. ఆపరేషన్ మూడు నాలుగు గంటల పని. అసలు నాణ్యత ఆ తర్వాత మూడు నెలల్లో ఉంటుంది. టాక్రోలిమస్ లెవెల్ రిపోర్టు అదే రోజు వస్తుందా? క్రియాటినిన్ 1.2 నుంచి 1.6కు పెరిగితే రాత్రి పూట ఫోన్ ఎత్తే మనిషి ఉన్నారా? కిడ్నీ ముక్క తీసి బయాప్సీ చేసి అది ఒళ్ళు కిడ్నీని తోసేసే రిజెక్షనా, మందు ఎక్కువైందా, కిడ్నీని పాడుచేసే బీకే వైరస్సా అని చెప్పగలిగే పెథాలజిస్ట్ ఉన్నారా? మన దేశంలో మార్పిడి అయినవాళ్ళను తీసుకుపోయేది ఎక్కువగా ఇన్ఫెక్షన్లే, టీబీ కూడా అందులో ఉంది, దానికి మందు ఇస్తే టాక్రోలిమస్ లెవెల్ పడిపోతుంది, రెండూ కలిపి చూసుకునే అనుభవం ఉందా? వీటిలో ఏదీ కరపత్రం మీద ఫొటోలో కనపడదు. ఇవన్నీ కలిసి చివరికి ఒకే చోట కనపడతాయి, ఏడాది తర్వాత ఎంతమంది బతికి ఉన్నారన్న అంకెలో. అందుకే ఆ అంకె అడుగుతున్నాను.

ఇందులో ఒక ప్రమాదం ఉందని కూడా నాకు తెలుసు, టీచర్ని కాబట్టి మీకన్నా బాగా తెలుసేమో. ఇంటర్ కాలేజీల ర్యాంకుల ప్రకటనలు మన రాష్ట్రంలో చూడనివాళ్ళు లేరు. టెన్త్‌లో టాప్ మార్కులు వచ్చినవాళ్ళను ఫీజు లేకుండా చేర్చుకుని, వాళ్ళకొచ్చిన ర్యాంకులు కాలేజీ గొప్పతనంగా వేస్తారు. వెనకబెంచీ పిల్లవాణ్ణి చేర్చుకుని పాస్ చేయించిన కాలేజీ పేరు ఎక్కడా రాదు. ఆసుపత్రులకు ఉత్త శాతాలు పెట్టి పోటీ పెడితే అదే జరుగుతుంది. షుగర్ ఉన్నవాణ్ణి, గుండె నీరసంగా ఉన్నవాణ్ణి, ఐదేళ్ళు డయాలసిస్ చేయించుకుని వచ్చినవాణ్ణి వద్దంటారు. అమెరికాలో ఇది జరిగింది. 2007లో అక్కడి ప్రభుత్వ బీమా సంస్థ ఏడాది ఫలితాలు బాగాలేని సెంటర్లకు గుర్తింపు తీసేస్తామని నియమం పెట్టింది. సెంటర్లు భయపడి కష్టమైన రోగులను, కాస్త వయసైన దాతల కిడ్నీలను వదులుకోవడం మొదలుపెట్టాయి, వాడుకోదగిన కిడ్నీలు పారేయడం పెరిగిందన్న విమర్శ వచ్చింది. చివరికి 2019లో గుర్తింపు కొనసాగించడానికి ఆ నియమం అక్కర్లేదని తీసేశారు. లెక్క బయటపెట్టడం మాత్రం ఆపలేదు. అది గమనించండి.

అక్కడ ఆ లెక్క వేసే సంస్థ ఒకటి ఉంది, ఎస్‌ఆర్‌టీఆర్ అంటారు. ఆరు నెలలకోసారి ప్రతి సెంటర్ ఫలితాలు ఎవరైనా చూసుకునేట్టు పెడుతుంది. ఉత్త శాతం కాదు, రోగి వయసు, షుగరు, డయాలసిస్ మీద ఎన్నేళ్ళున్నాడు, కిడ్నీ ఎలాంటిది అన్నీ లెక్కలోకి తీసుకుని, ఇలాంటి రోగులకు మామూలుగా ఎంత రావాలి, ఈ సెంటర్‌కు ఎంత వచ్చింది అని పోలుస్తుంది. అంటే వెనకబెంచీ పిల్లవాణ్ణి పాస్ చేయించిన కాలేజీకి మార్కులు పడతాయి. ఇంకా ముఖ్యమైనది, వాళ్ళు చూపించేది ఆపరేషన్ తర్వాత సంగతి ఒక్కటే కాదు. లిస్టులో ఉన్నవాళ్ళు ఎంతమంది బతికి ఉన్నారు, లిస్టులో చేరినవాళ్ళకు ఎంత తొందరగా కిడ్నీ దొరుకుతోంది, ఇవీ చూపిస్తారు. కిడ్నీ విషయంలో ఈ మూడింటిలో రోగి ఆయుష్షు మీద ఎక్కువ ప్రభావం ఉన్నది ఎంత తొందరగా మార్పిడి జరుగుతుందన్నదేనని వాళ్ళే చెప్తారు. ఇంగ్లండ్‌లో కూడా ఏటా సెంటర్ వారీగా నివేదిక వస్తుంది.

మా తమ్ముడు ఏ ఆసుపత్రి లెక్కలోనూ లేడు. వాడికి ఆపరేషన్ చేయలేదు కాబట్టి ఎవరి సక్సెస్ రేటూ వాడివల్ల తగ్గలేదు. నేను ఎక్కువ బాధపడేది ఇక్కడే. మూడు ఆసుపత్రుల ఫైళ్ళలో వాడి పేరుంది, జీవన్‌దాన్‌లో ఉంది, వాడు పోయిన సంగతి ఏ అంకెలోనూ లేదు.

కాబట్టి నేను అడిగేది ఆపరేషన్ టేబుల్ దగ్గర మొదలయ్యే లెక్క కాదు. ఒక మనిషి మీ ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోసం మొదటిసారి పేరు రాయించుకున్న రోజునుంచి లెక్క వేయండి. వందమంది రాయించుకుంటే ఏడాదిలో ఎంతమందికి చేశారు, ఎంతమంది చేయకముందే పోయారు, ఎంతమందిని పనికిరారని తీసేశారు, చేసినవాళ్ళలో మూడు నెలలకు, ఏడాదికి, మూడేళ్ళకు ఎంతమంది ఉన్నారు, ఎంతమందికి కిడ్నీ పనిచేస్తోంది. బంధువులు ఇచ్చినవి వేరుగా, జీవన్‌దాన్ ద్వారా వచ్చినవి వేరుగా. తెలుగులో. డయాలసిస్ సెంటర్ గోడమీద అంటించేంత సులువుగా. మేనమామ చెప్పిన కథలకు బదులు ఆ కాగితం చూసి పోవాలి మేం.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదని నా అభిప్రాయం. అవయవ మార్పిడి చట్టం 1994 నుంచి ఉంది. మార్పిడి చేసే ఆసుపత్రి రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకోసారి రెన్యువల్ కావాలి. చేసిన మార్పిడుల సంఖ్యా వాటి వివరాలూ ఆసుపత్రి వెబ్‌సైట్లో ఉంచాలన్న మాట 2014 నిబంధనల్లోనే ఉంది. పథకం కింద జరిగిన ప్రతి ఆపరేషన్‌కూ బిల్లు మీ దగ్గరికే వస్తుంది, డయాలసిస్ బిల్లులూ మీ దగ్గరికే వస్తాయి, పింఛను ఆగిపోయిన తేదీ కూడా మీ దగ్గరే ఉంటుంది. మా తమ్ముడు మొదటిసారి మిషన్ ఎక్కిన రోజు నుంచి చివరి పింఛను దాకా వాడి జీవితం మొత్తం మీ కంప్యూటర్లో ఉంది సార్. వాటిని కలిపి కూడిక చేయాలి అంతే. నా పదో తరగతి పిల్లలకు పట్టిక వేయడం నేర్పిస్తాను, ఇది అంతకన్నా పెద్ద పని అని నాకు తెలుసు, చేయలేనిదైతే కాదు.

ఫలితాలు తక్కువగా ఉన్న ఆసుపత్రిని ఏం చేయాలి అంటే, మూసేయకండి. ఇది నేను గట్టిగా చెప్తున్నాను. మా వైపు ఒక సెంటర్ మూతపడితే అక్కడి రోగులంతా మంచి సెంటర్‌కు పోరు, చాలామంది డయాలసిస్ మీదే ఉండిపోతారు. పైన చెప్పిన లెక్క ప్రకారం అది ఇంకా పెద్ద నష్టం. ఎక్కడ తగ్గిందో చూసి అది బాగుచేయండి. సర్జరీలో తగ్గిందా, ఇన్ఫెక్షన్లలో తగ్గిందా, ఇంటికి పోయాక రోగి మళ్ళీ రాకపోవడంవల్ల తగ్గిందా? చాలాచోట్ల మూడోదే కారణమని నా అనుమానం. ఆపరేషన్ ఎక్కడ చేసినా, తర్వాత చూసుకోవడానికి చిత్తూరులో వారానికొక రోజు ఒక క్లినిక్, టాక్రోలిమస్ లెవెల్ అదే రోజు చెప్పే ల్యాబ్ ఉంటే ఆ 29 ఏళ్ళ అబ్బాయి ఉండేవాడేమో. కుప్పం వైపు నుంచి, పలమనేరు వైపు నుంచి వచ్చేవాళ్ళు ప్రతి రక్తపరీక్షకూ రాత్రంతా ప్రయాణం చేయలేరు. రెండు మూడుసార్లు వస్తారు, తర్వాత మానేస్తారు. మందు కూడా అట్లాగే మానేస్తారు, బాగానే ఉన్నాం కదా అని, లేదా ఆ నెల డబ్బు లేక.

డయాలసిస్ సెంటర్లకు ఒక మాట. మొదటి నెలలోనే రోగినీ ఇంట్లోవాళ్ళనూ కూర్చోబెట్టి మార్పిడి గురించి చెప్పాలన్న నియమం పెట్టండి. అందరికీ పనికిరాదు, ముసలితనంలో ఉన్నవాళ్ళకు, క్యాన్సర్ ఉన్నవాళ్ళకు, గుండె పూర్తిగా దెబ్బతిన్నవాళ్ళకు డయాలసిస్సే నయం కావచ్చు, అదీ చెప్పండి. మొదటి మూడు నెలల ముప్పు దాచకుండా చెప్పండి. ఆలస్యం చేస్తే ఏం పోతుందో అది కూడా చెప్పండి, దాన్ని మాత్రం ఎవరూ చెప్పడం లేదు. ఇంట్లో ఇచ్చేవాళ్ళ గ్రూపు కలవకపోతే, అదే ఇబ్బందిలో ఉన్న ఇంకో కుటుంబంతో మార్చుకునే దారి చట్టంలో ఉందని చెప్పండి. మరణించినవాళ్ళ నుంచి వచ్చే కిడ్నీల మీదే ఆశ పెట్టుకోవద్దని చెప్పండి, మన దేశంలో ప్రతి పది లక్షల జనానికి అట్లాంటి దాత ఏడాదికి ఒక్కరు కూడా లేరు. ఇచ్చేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ళే. అమ్మలు, భార్యలు, అక్కచెల్లెళ్ళు. వాళ్ళు ఇచ్చింది ఎక్కడ ఎన్నాళ్ళు నిలబడుతోందో తెలుసుకునే హక్కు వాళ్ళకే ముందుండాలి.

ఆసుపత్రుల పెద్దలకు. మీరు లెక్క బయటపెడితే మొదటి ఏడు పేపర్లో ఏదో ఒకటి రాస్తారు, ఎవరో ఒకరు గొడవ చేస్తారు, టెన్షన్ ఉంటుంది. నిజమే. కానీ ఇప్పుడు లెక్క లేకపోవడంవల్ల మంచి ఆసుపత్రికి కూడా మంచిపేరు రావడం లేదు. తిరుపతిలో, వేలూరులో ఏళ్ళ తరబడి ఈ పని చేస్తున్న డాక్టర్లున్నారు, నర్సులున్నారు, పండగలు కూడా లేకుండా వార్డులో ఉండేవాళ్ళు. వాళ్ళు బతికించినవాళ్ళ సంఖ్య మా మేనమామకు తెలీదు. ఆయనకు ఒక్క చావు తెలుసు, దాన్నే అందరికీ చెప్తున్నాడు.

పోయిన నెల మా పక్క పల్లె నుంచి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. కొడుక్కి 26 ఏళ్ళు, డయాలసిస్ మొదలై ఆరు వారాలైంది. తండ్రి తానే ఇస్తానంటున్నాడు, గ్రూపు కలిసింది. "ఏ ఆసుపత్రికి పోవాలమ్మా, నువ్వు అన్నీ తిరిగినావు కదా" అని అడిగాడు. వెతకొద్దు, దగ్గర్లో ఉన్నదానికి పో, ఈ నెలలోనే పో, జ్వరం వస్తే ఊళ్ళో మందు వాడకుండా చేసినచోటికే ఫోన్ చెయ్యి అని చెప్పాను. గ్రాఫ్ కాగితం కూడా చూపించాను. ఆయన అంతా విని, "సరేమ్మా, అక్కడ చేయించుకున్నోళ్ళలో ఎంతమంది బాగుండారు?" అన్నాడు. నేను మూడు ఆసుపత్రుల్లో అడిగిన ప్రశ్నే.

వాళ్ళకు మొదటి అపాయింట్‌మెంట్ వచ్చే నెల 10న. ఆయనకు అప్పటికి ఆ అంకె కావాలి.

ఇట్లు
ఒక అక్క, తిరుపతి